పోకర్ నేర్చుకోవడానికి ఎమర్జెన్సీ ఫండ్ తీయవచ్చా?

ప్రశ్న: నా వయసు 32. ఉద్యోగం ఉంది, అప్పుల్లేవు. ఆరు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు ఎమర్జెన్సీ ఫండ్‌గా పక్కన పెట్టుకున్నాను. ఈ మధ్య స్నేహితులు పోకర్ ఆడుతుంటే చూసి నాకూ నేర్చుకోవాలనిపించింది. ఇది అదృష్టం మీద ఆధారపడే ఆట కాదు, నైపుణ్యం ఉంటే గెలుస్తామని వాళ్లంటున్నారు. ఫండ్‌లోంచి ఒక నెల డబ్బు తీసి మొదలుపెడితే, కొన్నాళ్లకు రెండో ఆదాయంగా మారుతుందా?

జవాబు: నేర్చుకోండి. ఫండ్ మాత్రం ముట్టుకోకండి. రెండో ఆదాయం మాట ఇప్పటికి మర్చిపోండి.

మీ స్నేహితులు చెప్పింది అబద్ధమేమీ కాదు. పోకర్‌లో నైపుణ్యం ఉంది, బాగా ఆడేవాళ్లు చివరికి గెలుస్తారు కూడా. చిక్కల్లా ఆ ‘చివరికి’ అనే మాట దగ్గరే. దాని సంగతి తర్వాత, ముందు ఆట చూద్దాం.

ఎక్కువమంది ఆడేది టెక్సాస్ హోల్డెమ్. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు. తర్వాత బల్ల మీద అందరికీ కలిపి మూడు ముక్కలు తెరుస్తారు, దాన్ని ఫ్లాప్ అంటారు. ఆపైన టర్న్ అనే ముక్క ఒకటి, రివర్ అనే ముక్క ఒకటి. ముక్కలు పంచగానే ఒకసారి, తెరిచిన ప్రతిసారీ మరోసారి పందెం నడుస్తుంది. చివరిదాకా నిలబడినవాళ్లలో, మొత్తం ఏడింటిలోంచి మేలైన ఐదు ముక్కలు ఎవరికి కుదిరితే పాట్, అంటే పందేలుగా పోగైన మొత్తం, వాళ్లది. మిగతావాళ్లంతా మధ్యలోనే వదిలేస్తే ముక్కలు చూపించకుండానే మీదవుతుంది. జత కంటే రెండు జతలు పెద్దవి, వరస కంటే ఒకే గుర్తువి ఐదు పెద్దవి... ఈ క్రమం ఒక సాయంత్రంలో వచ్చేస్తుంది. దానికి డబ్బు అక్కర్లేదు. అగ్గిపుల్లలు పందెం పెట్టి ఆడండి చాలు.

నేర్చుకోవాల్సిన అసలు విషయం ముక్కల్లో లేదు, ధరలో ఉంది. మీ చేతిలో ఆఠీన్ ఆసు, ఆఠీన్ తొమ్మిది ఉన్నాయనుకోండి. ఫ్లాప్‌లో ఆఠీన్ రాజు, ఆఠీన్ నాలుగు, ఇస్పేట్ ఏడు పడ్డాయి. ఇంకొక్క ఆఠీన్ వస్తే ఫ్లష్, అంటే ఒకే గుర్తువి ఐదు. పాట్‌లో 100 ఉంది, ఎదుటివాడు 50 వేశాడు. చూడాలంటే మీరూ 50 వేయాలి. అప్పుడు పాట్ 200 అవుతుంది, అందులో మీ 50 పావువంతు. అంటే వంద సార్లలో కనీసం 25 సార్లు గెలిస్తేనే ఆ 50కి గిట్టుబాటు. మొత్తం 13 ఆఠీన్లలో నాలుగు కనిపించాయి, తొమ్మిది మిగిలాయి. మీకు కనిపించని ముక్కలు 47. తర్వాతి ముక్క ఆఠీన్ అయ్యే అవకాశం 47లో 9, సుమారు 19 శాతం. ఆసు పడినా గెలవచ్చు కదా అంటారు, నిజమే, ఇప్పటికి దాన్ని పక్కన పెడదాం. ఈ లెక్క ప్రకారం ఆ 50 ఖరీదెక్కువ, వదిలేయాలి.

అదే ఎదుటివాడు తన దగ్గరున్న ఆఖరి 50 వేసేశాడనుకోండి. ఇక మీద పందెం ఉండదు, ఒకే ధరకు మీరు రెండు ముక్కలు చూస్తారు. అవకాశం 35 శాతానికి పెరుగుతుంది, వేయడమే సరైనది. ముక్కలు అవే, పాట్ అదే, జవాబు మాత్రం మారిపోయింది. మొదటిసారి ఇది అర్థమైనప్పుడు నాకు ఎంత ముచ్చటేసిందో! షేర్ల ధరల గురించి క్లయింట్లకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకింకా దొరకలేదు.

కొత్తవాళ్లు డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా ‘ఇంతదాకా పెట్టాను కదా’ అనుకునే దగ్గర. పాట్‌లోకి వెళ్లింది ఇక మీది కాదు. పడిపోతున్న షేరును పట్టుకుని వేలాడేవాళ్లను రోజూ చూస్తుంటాను, ఆ జబ్బే ఇది.

ఇప్పుడు ఆ ‘చివరికి’ సంగతి. ముక్కలు పంచిన దగ్గర్నుంచి పాట్ ఎవరిదో తేలేదాకా ఒక హ్యాండ్. ప్రతి హ్యాండ్ మొదట్లో ఒకరు ముక్కలు చూడకుండానే తప్పనిసరిగా వేసే పందేన్ని బిగ్ బ్లైండ్ అంటారు. గెలుపోటములను దాంతోనే కొలుస్తారు. వంద హ్యాండ్లకు సగటున ఐదు బిగ్ బ్లైండ్లు మిగుల్చుకునేవాడు మంచి ఆటగాడే. పదివేల హ్యాండ్లకు అతనికి 500 రావాలి. కానీ అన్ని హ్యాండ్లలో హెచ్చుతగ్గులు అటూ ఇటూ 900 దాకా ఉండటం మామూలు. కాబట్టి అంత మంచి ఆటగాడు కూడా అప్పటికి నష్టంలో ఉండే అవకాశం పావువంతు పైనే. బల్ల దగ్గర గంటకు 25, 30 హ్యాండ్లకు మించి సాగవు. వారానికి నాలుగు గంటలు ఆడితే పదివేలకు దాదాపు రెండేళ్లు. ఇంకా నేర్చుకుంటున్న మీరు రెండేళ్ల తర్వాత కూడా బాగా ఆడుతున్నారో లేదో మీ ఖాతా చూసి చెప్పలేరు. అలాంటిదాన్ని ఆదాయమని ఎలా అనుకోగలం?

పైగా క్లబ్బుల్లో, యాప్‌లలో నిర్వాహకులు పాట్‌లోంచి కొంత తీసుకుంటారు. దాన్ని రేక్ అంటారు. ఆరుగురు తలా వంద బ్లైండ్లతో కూర్చుంటే బల్ల మీద 600. హ్యాండ్‌కు సగటున ఒక బ్లైండ్ రేక్ పోతుందనుకున్నా, గంటకు 30 హ్యాండ్ల చొప్పున నాలుగు గంటల్లో 120 మాయం. అయిదో వంతు! స్నేహితుల మధ్య ఈ కోత ఉండదు కాబట్టి నేర్చుకోవడానికి అదే చవక.

2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్, ఆన్‌లైన్ అర్హత పోటీ ద్వారా వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో చేరి 25 లక్షల డాలర్లు గెలిచాడు. మీ స్నేహితులు ఆ కథ ఈపాటికి చెప్పే ఉంటారు. ఆ పోటీలో కూర్చున్నవాళ్లు 839 మంది.

మీకు నేను చెప్పే ఏర్పాటు ఇది. సినిమాలకు, షికార్లకు నెలనెలా ఎంత ఖర్చుపెడతారో అందులోంచే కొంత పోకర్‌కు కేటాయించండి. అది పోయిందనే రాసుకోండి. ఆ నెల అయిపోతే మళ్లీ వచ్చే నెలే, మధ్యలో స్నేహితుడి దగ్గర చేబదులు కూడా వద్దు. ఒకసారి కూర్చున్నప్పుడు ఆ మొత్తంలో సగానికి మించి జేబులో పెట్టుకోకండి. ఓ చిన్న నోట్‌బుక్‌లో తేదీ, ఎన్ని గంటలు ఆడారు, ఎంతతో కూర్చున్నారు, ఎంతతో లేచారు రాయండి. గెలిచిన రోజు అందరికీ గుర్తుంటుంది, ఓడిన రోజు నోట్‌బుక్‌కే గుర్తుంటుంది. పోయింది రాబట్టుకోవాలని మనసు లాగుతుంటే, ఇంట్లో దాచి ఆడుతుంటే మాత్రం అక్కడితో ఆపేసి ఎవరికైనా చెప్పండి. అది నైపుణ్యంతో తీరే విషయం కాదు.

ఇంకొకటి, డబ్బు పెట్టి ఆడటాన్ని అన్నిచోట్లా చట్టం ఒప్పుకోదు. మీరున్న చోట రూలేమిటో, గెలిచినదాని మీద పన్ను ఎలా ఉంటుందో మొదటి పందేనికి ముందే కనుక్కోండి.