బంగారం గిర్వి పెట్టి ఎంబ్రాయిడరీ మెషిన్ కొనొచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా ఆయన రైస్ మిల్లులో ఆపరేటర్, నెలకు 22,000 జీతం. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను, ఫాల్, పీకో చేస్తాను. ఏడాది మొత్తం మీద చూస్తే నెలకు 9,000 పడుతుంది. ఇద్దరు పిల్లలు. ఫీజులు, కిరాయి అన్నీ కలిపి నెలకు 24,000 ఖర్చు. 60,000 చిట్టీలో నెలకు 3,000 కడుతున్నాను, ఇంకా 11 నెలలు ఉంది. బ్యాంకులో 40,000 ఉన్నాయి. పెళ్లిళ్ల సీజన్‌లో నెలకు పన్నెండు, పదిహేను మంది జాకెట్ మీద కంప్యూటర్ వర్క్ (మెషిన్ ఎంబ్రాయిడరీ) అడుగుతున్నారు, లేదని పంపించేస్తున్నాను. షోరూంలో 12 సూదుల మెషిన్ 4,60,000 అన్నారు. ఒక సూది చిన్న మెషిన్ 1,15,000. పెద్దదే తీసుకుంటే ఎప్పటికైనా పనికొస్తుందని అంటున్నారు. నాలుగు తులాల బంగారం మీద 2,60,000, తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల మిత్తికి 1,60,000, బ్యాంకులో ఉన్న 40,000 కలిపి కొందామనుకుంటున్నాం. ఆఫర్ అయిపోతుందంటే 5,000 టోకెన్ కూడా ఇచ్చాను. మిత్తి కట్టుకుంటూ పోయి, అసలు సీజన్‌లో తీర్చేయొచ్చా?

జవాబు: తీర్చలేరు. కొనకండి. ఇంత సూటిగా చెబుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఇలాంటి ఉత్తరాలు నల్లగొండ, సూర్యాపేట, వనపర్తి వైపు నుంచి నాకు తరచుగా వస్తుంటాయి. అందరిదీ ఒకటే పొరపాటు. మెషిన్ కోసం అప్పు చేయడం కంటే పెద్ద తప్పు, ఆపదకు అడ్డం పడే రెండింటినీ, అంటే బ్యాంకులో ఉన్న 40,000నీ బీరువాలో ఉన్న బంగారాన్నీ, ఒకే రోజు ఖాళీ చేయడం.

ముందు మీ లెక్కే చూద్దాం. బంగారం లోన్ రూపాయి మిత్తికే దొరికిందనుకున్నా నెలకు 2,600. తెలిసినవాళ్ల 1,60,000కు రెండు రూపాయల లెక్కన 3,200. మొత్తం 5,800. ఇందులో అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు. ఇప్పుడు గిరాకీ వైపు రండి. సీజన్‌లో పదిహేను జాకెట్లు వచ్చాయి, దారం, పేపర్, కరెంటు పోగా ఒక్కోదాని మీద 400 మిగిలింది అనుకుందాం. 6,000. అంటే నిండు సీజన్‌లో రెక్కలు ముక్కలు చేసుకుంటే నెలకు 200 మీవి, మిగిలింది మిత్తికి. ఆషాఢంలో ఏం చేస్తారు? పుష్యంలో? శుక్ర మూఢం వచ్చిందంటే ఒక్కోసారి రెండు నెలలకు పైనే పెళ్లిళ్లు ఉండవు, కానీ మిత్తికి మూఢం లేదు.

'తెలిసినవాళ్లు' అని రాశారు. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. తెలిసినవాళ్లయితే అది 23 కాదు. పైగా తెలిసినవాళ్లు కాబట్టి రెండు నెలలు ఆగితే బజారులో ఎదురైనప్పుడల్లా తల దించుకోవాలి. ఈ ఒక్క అప్పు మాత్రం ఏ కారణానికైనా సరే చేయకండి.

దేవరకొండ వైపు నుంచి నా దగ్గరికి వచ్చే ఒకావిడ మూడేళ్ల కింద మీలాగే ఉన్నదంతా ఊడ్చి పెద్ద మెషిన్ తెచ్చుకుంది. నాలుగు నెలలు బాగానే నడిచింది. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయింది. ఆ తర్వాత స్క్రీన్ వెలగలేదు. బోర్డు కాలిపోయిందన్నారు. మెకానిక్ హైదరాబాద్ నుంచి రావడానికి తొమ్మిది రోజులు, బిల్లు 38,000. సరిగ్గా పెళ్లిళ్ల రోజులు. అదే వారంలో, అంతకుముందు మెషిన్ మీద ఉన్న ఒక పట్టు జాకెట్ కింద దారం గూడు కట్టి, విడదీయబోతే గుడ్డ చిరిగిన సంగతి బయటపడింది. చీరతో పాటు వచ్చిన ముక్క అది, అలాంటిది బజారులో దొరకదు. ఆ కస్టమర్‌కు 2,500 ఇచ్చి దండం పెట్టాల్సి వచ్చింది. చేతిలో పైసా లేదు, బంగారం అప్పటికే గిర్విలో ఉంది. వారం వారం కిస్తీ కట్టే గ్రూపు ఫైనాన్స్‌లో తీసుకుంది. అది తీర్చడానికి ఇంకొకటి. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు మెషిన్ మీద పాత చీర కప్పి ఉంది, దాని మీద పిల్లల స్కూల్ బ్యాగులు. మెషిన్ చెడ్డది కాదు, ఆమెకు పని రాక కాదు. ఆ రోజు 40,000 విడిగా ఉండి ఉంటే తొమ్మిది రోజుల్లో మళ్లీ కూర్చునేది.

అందుకే నేను ఎవరికైనా ముందు అడిగేది ఒక్కటే: ఇంట్లో ఆరు నెలల ఖర్చు పక్కన ఉందా? మీకు నెలకు 24,000, కాబట్టి 1,44,000. మూడు నెలలు చాలదా అంటారు. నెల నెలా జీతం వచ్చే ఇద్దరున్న ఇంట్లో చాలుతుందేమో. మీ ఇంట్లో ఒక రాబడి మిల్లు మీద, ఇంకోటి ముహూర్తాల మీద ఆధారపడి ఉంది. రెండూ ఒకేసారి తగ్గే నెలలు వస్తాయి.

'బంగారం ఉంది కదండీ, అదే మా ఎమర్జెన్సీ ఫండ్' అని చాలామంది అంటారు. బీరువాలో ఉంటే నేనూ సరే అంటాను. గిర్విలో ఉన్న బంగారం మీ ఫండ్ కాదు, ఇంకొకరి పూచీకత్తు. 'ఆరోగ్యశ్రీ ఉంది కదా' అన్నది రెండో మాట. ఉంది, పరిమితి 10 లక్షలకు పెంచారు కూడా. అది ఆస్పత్రి బిల్లుకు. మీ ఆయన నెల రోజులు మంచం మీద ఉంటే ఇంటి కిరాయి, స్కూల్ ఫీజు, చిట్టీ పైసలు ఆ కార్డు కట్టదు.

మీ అదృష్టం ఏమిటంటే, ఈ 1,44,000 మీకు దూరంలో లేదు. బ్యాంకులో 40,000 ఉన్నాయి, ముట్టుకోకండి. ఖర్చులు, చిట్టీ పోను నెలకు 4,000 మిగులుతోంది, 11 నెలలకు 44,000. చిట్టీని ఇప్పుడు పాడుకోవద్దు, కట్టింది కట్టినట్టు చివరి దాకా ఉంచి ఎత్తుకుంటే 60,000. మూడూ కూడండి. సరిగ్గా 1,44,000! నేను కావాలని కుదిర్చిన లెక్క కాదు, మీరు రాసిన అంకెలే. ఇందులో ఒక నెల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో, మిగతాది మీ పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టండి. ఎక్కువ వడ్డీ అని ఇంకెవరికో అప్పుగా ఇవ్వడం లాంటివి చేయకండి. ఈ డబ్బు పని పెరగడం కాదు, పిలిస్తే పలకడం.

మరి ఈ 11 నెలలూ వచ్చిన కస్టమర్లను వెనక్కి పంపాలా? అవసరం లేదు. మీ దగ్గర, నల్లగొండలో ఇప్పటికే కంప్యూటర్ వర్క్ చేసేవాళ్లున్నారు. ఆర్డర్ మీరు తీసుకోండి, వర్క్ వాళ్లకు జాబ్‌వర్క్‌గా ఇవ్వండి, కుట్టు మీది. కస్టమర్ దగ్గర 900 తీసుకుని 550 జాబ్‌వర్క్‌కు ఇచ్చారనుకోండి, 350 మీది. ఏడాది సగటున నెలకు ఎనిమిది వచ్చినా 2,800, పదకొండు నెలలకు 30,000 దాటుతుంది. దీన్ని ఫండ్‌లో కలపకుండా మెషిన్ కోసం వేరే ఖాతాలో వేయండి. పైసల కంటే విలువైంది ఇంకోటి తెలుస్తుంది: నిజంగా నెలకు ఎన్ని వస్తున్నాయి, ఏ డిజైన్ అడుగుతున్నారు, ఎవరు బేరమాడి వెళ్లిపోతున్నారు. 'అడుగుతున్నారు' అనేది వేరు, పైసలిచ్చి చేయించుకోవడం వేరు. ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

అప్పుడైనా కొనాల్సింది ఒక సూది మెషినే. ఎందుకో చెబుతాను. వీపు, రెండు చేతులు కలిపి 45,000 కుట్లున్న డిజైన్ అనుకోండి. నిమిషానికి 650 కుట్ల చొప్పున నడిపితే 70 నిమిషాలు. ఒక సూది కాబట్టి రంగు మారినప్పుడల్లా ఆగుతుంది, మీరు లేచి దారం మార్చాలి. ఫ్రేమ్ బిగించడం, జరీ దారం తెగడం, మళ్లీ ఎక్కించడం కలిపి రెండు గంటలకు పైనే. ఇంటి పని చేసుకుంటూ రోజుకు రెండు చేయగలరు, నెలకు ఇరవై రోజులు కూర్చున్నా నలభై. మీకు నిండు సీజన్‌లో వస్తున్నవి పదిహేను! 12 సూదుల మెషిన్ రంగులు తనే మార్చుకుంటుంది, వేగంగా కుడుతుంది, నిజమే. రోజూ పది జాకెట్లు వచ్చే షాపుకు అది కావాలి. మీ దగ్గర తక్కువైంది వేగం కాదు, గిరాకీ.

చిన్న మెషిన్‌లో చూడాల్సింది ఫ్రేమ్ సైజు. నాలుగు అంగుళాల ఫ్రేమ్ బుటీలకు, పిల్లల గౌన్లకు సరిపోతుంది, జాకెట్ వీపు డిజైన్‌కు సరిపోదు, ముక్కలు ముక్కలుగా బిగించి కలుపుకోవాలి. ఎనిమిది బై పదకొండు అంగుళాల దాకా వచ్చే మోడళ్లున్నాయి, మీరు అడగాల్సింది ఆ సైజు. డిజైన్ ఫైల్ ఏది తీసుకుంటుందో కూడా అడగండి. బ్రదర్ కంపెనీ మెషిన్లది పీఈఎస్, జనోమ్ కంపెనీ వాళ్లది జేఈఎఫ్, పెద్ద మెషిన్లలో ఎక్కువగా నడిచేది డీఎస్టీ. మీరు కొనుక్కున్న డిజైన్ మెషిన్‌కు ఎక్కకపోతే పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరగాల్సి వస్తుంది. షోరూంలో వాళ్ల కాటన్ గుడ్డ మీద వేసి చూపించే పువ్వును చూసి మురిసిపోకండి. మీరే ఒక పట్టు ముక్క, ఒక జరీ దారం రీలు తీసుకెళ్లి వాటి మీద వేయమనండి. సర్వీస్ మనిషి ఏ ఊళ్లో ఉంటాడు, పిలిస్తే ఎన్ని రోజులకు వస్తాడు అనేది బిల్లు వెనక రాయించుకోండి. స్టెబిలైజర్, యూపీఎస్ లేకుండా మెషిన్‌ను ప్లగ్‌లో పెట్టొద్దు. దేవరకొండ ఆవిడ వీటి దగ్గరే పొదుపు చేసింది.

వీటికి, మొదటి విడత దారాలకు, బ్యాకింగ్ పేపర్‌కు కలిపి 15,000 వేసుకుంటే, మెషిన్‌తో మొత్తం 1,30,000. జాబ్‌వర్క్‌లో దాచిన 30,000 మీది. మిగిలిన లక్షకు పీఎం విశ్వకర్మ చూడండి. ఆ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది, ప్రాథమిక శిక్షణ తర్వాత మొదటి విడత లక్ష దాకా 5 శాతానికి, పూచీకత్తు లేకుండా, 18 నెలల్లో తీర్చేలా ఇస్తారు. ఇంటికి ఒక్కరికే. నెల కిస్తీ సుమారు 5,800 పడుతుంది. ఈ అంకె ఎక్కడో చూసినట్టుంది కదా? మీరు మిత్తికే కట్టాలనుకున్నది అంతే. అక్కడ ఎన్నేళ్లు కట్టినా అసలు అలాగే ఉంటుంది, ఇక్కడ ఏడాదిన్నరకు అప్పు ఉండదు. అది కుదరకపోతే మహిళా సంఘం ద్వారా స్త్రీనిధి, లేదంటే ముద్ర. యాప్‌లో ఐదు నిమిషాల్లో ఇచ్చేవాళ్ల వైపు చూడనే వద్దు.

అప్పటికి చిట్టీ అయిపోతుంది కాబట్టి నెలకు మిగిలేది 4,000 కాదు, 7,000. అంటే ఎంబ్రాయిడరీ ఆర్డర్ ఒక్కటి కూడా రాని నెలలో సైతం కిస్తీ కట్టగలరు. నేను అప్పుకు సరే అనేది ఈ పరీక్ష దాటినప్పుడే. ఈ లోపల ఏదైనా ఆపద వచ్చి ఫండ్ నుంచి తీయాల్సి వస్తే, మెషిన్ అన్ని నెలలు వెనక్కి పోతుంది, అంతే. ముందు ఫండ్ నింపండి.

మీ ఉత్తరంలో ఇన్సూరెన్స్ ఊసే లేదు. మీ ఆయన వయసు రాయలేదు. యాభై లోపే అయితే బ్యాంకుకు వెళ్లి ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్ష ఈ వారమే పెట్టించండి. చెరో రెండు లక్షల కవర్, రెండోది ప్రమాదాలకే. ఆయన జీతానికి అది చాలదు, కనీసం 25 లక్షల టర్మ్ పాలసీ ఉండాలి. ప్రీమియం ఆ నెలవారీ 4,000 నుంచి పోతుంది కాబట్టి ఫండ్ ఒకటి రెండు నెలలు ఆలస్యమవుతుంది, కానివ్వండి.

ఇక ఆ 5,000 టోకెన్. రేపే షోరూంకు వెళ్లి, పెద్దది వద్దు, వచ్చే ఏడాది చిన్నది మీ దగ్గరే కొంటాను, అప్పుడు దీన్ని అందులో తగ్గించుకుంటామని రాసివ్వండి అని అడగండి. ఒప్పుకుంటే మంచిది. ఒప్పుకోకపోతే వదిలేసి వచ్చేయండి. 5,000 పోతుందని 4,60,000 పెట్టకండి. వచ్చేటప్పుడు దారిలో జాబ్‌వర్క్ చేసేవాళ్ల దగ్గర ఆగి, పట్టు జాకెట్ పాడైతే ఎవరు భరిస్తారో కూడా ముందే మాట్లాడుకోండి.