పిల్లల కాలేజీ పెట్టే ఆన్‌లైన్ కోర్సులో తల్లిదండ్రులు చేరవచ్చా?

చేరండి. సర్టిఫికెట్ కోసమైతే మాత్రం వద్దు. మీ పాప కాలేజీ వాళ్లు పాత విద్యార్థులకు, తల్లిదండ్రులకు, తెలిసినవాళ్లకు కూడా ఆన్‌లైన్ కోర్సులు పెట్టారని, ఇంటర్‌తో చదువు ఆపేసిన మీరు చేరితే నవ్వుతారేమోనని అడిగారు. ఎవరూ నవ్వరు. సగం మంది కెమెరా బంద్ చేసి అన్నం తింటుంటారు.

మాది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లె. నేను అంగన్‌వాడీ టీచర్ని, మా బాబు హైదరాబాద్‌లో సివిల్ ఇంజనీరింగ్. వాళ్ల కాలేజీ ఇట్లాగే తాగునీటి శుద్ధి మీద కోర్సు పెట్టింది. చికాకు ఫారంతోనే మొదలైంది. ఏ సంవత్సరం పాసయ్యారు, ఇప్పుడు ఏ కంపెనీ అనే గడులు నింపితే తప్ప ముందుకు పోదు. తల్లిదండ్రులను రమ్మన్నవాళ్లకు మా కోసం ఒక గడి పెట్టాలని తోచలేదు! పైగా ఓటీపీ మా ఆయన ఫోన్‌కు పోయింది. ఆయనేమో బత్తాయి తోటలో, సిగ్నల్ లేని చోట.

మొదటి క్లాసు పరిచయాలకే అయిపోయింది. పాత విద్యార్థులు ఎవరి హోదా వాళ్లు చెప్పుకున్నారు. నేను పేరు, ఊరు చెప్పి ఊరుకున్నాను.

ఫ్లోరైడ్ పాఠం వచ్చిన రోజు సంగతి వేరు. సార్ స్క్రీన్ మీద 'నల్గొండ టెక్నిక్' అని పెద్ద అక్షరాలు పెట్టారు. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని 'నీరి' అనే పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసిన పద్ధతి అది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పి, తేటపడ్డాక వడకట్టాలి. సార్ అంతా చక్కగా చెప్పి, ఖర్చు తక్కువ, ఇంట్లో బకెట్‌తో కూడా చేసుకోవచ్చు అన్నారు. నాకు ఆగలేదు. మైక్ ఆన్ చేశాను. వెనక కుక్కర్ విజిల్ వేస్తూనే ఉంది.

"సార్, ఒక్కో బోరింగులో ఫ్లోరైడ్ ఒక్కో తీరుగా ఉంటది. దాన్నిబట్టి పటిక మోతాదు మార్చాలంటే రోజూ పరీక్ష చేసేదెవరు? కింద దిగిన మడ్డిని ఎక్కడ పారబోయాలి? ఆ నీళ్ల రుచి చూసి మా అత్తమ్మ పాత నీళ్లే తెమ్మన్నది" అన్నాను. పళ్ల మీద గోధుమ రంగు మచ్చలతో బడికొచ్చే పిల్లల గురించి, నడుము వంగి నిటారుగా నిలబడలేని మా వాడకట్టు పెద్దల గురించి కూడా చెప్పాను. కంపెనీల వాళ్లంతా ఒక్కసారిగా కెమెరాలు ఆన్ చేశారు. క్లాసు టైమ్ దాటినా సార్ ఆపనివ్వలేదు.

అందుకే అంటున్నా, ఈ కోర్సుల అవసరం మనకన్నా కాలేజీలకే ఎక్కువ. పుస్తకంలో లేనిది తల్లిదండ్రుల దగ్గరే దొరుకుతుంది, రాసిస్తాను.

నేను నేర్చుకున్నదీ ఉంది. మా సెంటర్‌కు వచ్చే తల్లులు "నీళ్లు కాచే పోస్తున్నాం మేడం" అంటుండేవారు. కాస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. ఇప్పుడు ప్రభుత్వ మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు వస్తున్నాయి, నిజమే. నల్లా రాని రోజు మళ్లీ బోరింగే కదా.

ఆన్‌లైన్ చదువు చదువే కాదనే మాటంటే నాకు ఒళ్లు మంట. నేను అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసినప్పుడూ ఇదే మాట అన్నారు. 1982లో మన హైదరాబాద్‌లో మొదలైన ఆ యూనివర్సిటీ దేశంలోనే మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఆదివారం క్లాసులకు బస్సులో నిలబడి పోయినవాళ్లను అడగండి, అది చదువో కాదో చెప్తారు.

ఇక మీ సంగతి. ఆ కోర్సు లైవ్‌లో చెప్తారా, ముందే తీసిన వీడియోలా కనుక్కోండి. వీడియోలే అయితే వాళ్లకు డబ్బు కట్టొద్దు, అలాంటి వీడియో పాఠాలు కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన 'స్వయం' అనే ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడవచ్చు, సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే ఫీజు. లైవ్ అయితే, ప్రశ్నలు అడగనిస్తారా అని ఫోన్ చేసి అడగండి. మెయిల్ పెడితే జవాబు రాదు.