చీర కంటే ముందు చాట్ బటన్ వచ్చింది

బిడ్డా,

మొన్న గద్వాలకు వచ్చేటప్పుడు బస్సులో నీ చీరల సైటు తెరిచాను. కొత్తకోట దాటాం, సిగ్నల్ రెండు గీతలే ఉంది. తెల్లటి తెర మీద ముందు మెనూ వచ్చింది. తర్వాత చాట్ బటన్ వచ్చి గంతులేసింది. చీర మాత్రం రాలేదు. చాలాసేపటికి పెద్ద ఫోటో ఒకటి పైనుంచి కిందికి పరదా దించినట్టు కొద్దికొద్దిగా దిగింది. నా పక్కన కూర్చున్నామె కూడా నాతో పాటు చూస్తూ ఉంది. "ఇంకెంతసేపమ్మా" అని కిటికీ వైపు తిరిగింది. ఆమె కొనేదేమో బిడ్డా. ఆ బాధతోనే ఈ ఉత్తరం రాస్తున్నా.

ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో క్రోమ్ తెరిచి, ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో నీ హోమ్ పేజీ చూశాను. అడుగున చిన్న అక్షరాల్లో ఒక వరుస ఉంటుంది, ఎప్పుడైనా చూశావా? 143 రిక్వెస్టులు, 18 ఎంబీ అని చూపించింది. రిక్వెస్టు అంటే పేజీకి కావలసిన ఒక్కో ఫైల్ కోసం బ్రౌజర్ సర్వర్‌ను, అంటే సైటు ఫైళ్లు ఉండే కంప్యూటర్‌ను, ఒకసారి అడగడం. రోజూ పని ముగించే ముందు ఆ వరుస చూసుకోవడం అలవాటు చేసుకో. ఆ రెండు అంకెలూ చెప్పేది ఒకే జబ్బు గురించి కాదు, రెండింటికీ మందు వేరు.

ముందు బరువు సంగతి. 18 ఎంబీ అంటే 144 మెగాబిట్లు. బస్సులో నాకు సెకనుకు 3 మెగాబిట్లు అందాయనుకో, 48 సెకన్లు. అంతసేపు ఎవరు ఆగుతారు? పేజీలో ముఖ్యమైన బొమ్మ 2.5 సెకన్లలోపు కనిపిస్తేనే బాగున్నట్టు అని గూగుల్ లెక్క.

ఆ బరువంతా ఎక్కడిదో వెతికితే నాలుగు ఫోటోల దగ్గర తేలింది. కోటకొమ్మ అంచు చీర ఫోటో ఒక్కటే 3 ఎంబీకి పైన ఉంది. ఫోన్‌లో తీసింది తీసినట్టే ఎక్కించావు. అది 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు, అంటే 1 కోటి 20 లక్షల చుక్కలు. చాలా ఫోన్ల తెర అడ్డంగా 1080 చుక్కలే. అంత వెడల్పుకు కుదిస్తే 9 లక్షల చుక్కలు కూడా ఉండవు. మిగిలినవన్నీ కొనేవాళ్ల డేటా తిని ఎవరికీ కనిపించకుండా పోతున్నాయి. ఆ ఫోటోను నేనే 1080కి కుదించి వెబ్‌పీలో, అంటే బరువు తక్కువుండే ఫోటో ఫార్మాట్‌లో, సేవ్ చేసి చూశాను, 140 కేబీకి వచ్చింది.

అయితే ఇక్కడ తొందరపడకు. క్వాలిటీ 80 దగ్గర జరీ గీత గీతగా కనిపించింది. 50కి దించితే నూలు ఒళ్లు బాగానే ఉంది కానీ పట్టు అంచులో జరీ అంతా పసుపు పూసినట్టు అలుక్కుపోయింది. గద్వాల చీర కొనేవాళ్లు చూసేదే అంచు. అందుకని ప్రతి ఫోటోనూ వేళ్లతో పెద్దది చేసి అంచు చూసుకున్నాకే పెట్టు. పెద్ద ఫోటో కావాలంటే ఆ చీర పేజీలో, జూమ్ నొక్కినవాళ్లకు మాత్రమే ఇవ్వు. కింద వరుసల్లోని ఫోటోలకు లేజీ లోడింగ్ పెట్టు, అంటే చూసేవాళ్లు అక్కడిదాకా జరిపినప్పుడే దిగాలి, పైన మొదటి ఫోటోకు మాత్రం వద్దు. నువ్వు దానికీ పెట్టావు, నాకు చీర ఆలస్యంగా రావడానికి అదీ ఒక కారణం. ప్రతి ఫోటోకు వెడల్పు, ఎత్తు రాయి. లేకపోతే చదువుతుండగానే పేజీ కిందికి జారి, వేలు ఇంకో బటన్ మీద పడుతుంది.

ఇక రిక్వెస్టులు. ఉప్పుకు ఒకసారి, చింతపండుకు ఒకసారి, అగ్గిపెట్టెకు ఒకసారి దుకాణానికి పంపితే సరుకుల బరువు ఎంతో ఉండదు, తిరుగుడుకే పొద్దంతా పోతుంది. నీ సర్వర్ అమెరికాలో ఉంది. ఫైబర్‌లో వెలుతురు కూడా సెకనుకు 2 లక్షల కిలోమీటర్ల వేగంతోనే పోతుంది కాబట్టి, ఒక్క రానుపోనుకే 200 మిల్లీసెకన్ల పైన పడుతుంది. ముంబైలోనో హైదరాబాద్‌లోనో సర్వర్ తీసుకో. నువ్వు పెట్టిన చాట్ బటన్, ఎవరెవరు వచ్చారో లెక్కపెట్టే అనలిటిక్స్ రెండు రకాలు, సోషల్ మీడియా ఫీడ్ తలా ఒక వేరే డొమైన్ నుంచి, అంటే వేరే సైటు చిరునామా నుంచి వస్తున్నాయి. కొత్త డొమైన్ అనగానే ఫోన్ ముందు దాని అడ్రస్ కనుక్కోవాలి, తర్వాత కనెక్షన్ పెట్టుకోవాలి, తర్వాత మాటలు ఎవరూ వినకుండా ఉండేందుకు తాళం చెవులు మార్చుకోవాలి. ఇదంతా ఒక్క బైటు రాకముందే. చాట్ తీసేసి మామూలు వాట్సాప్ లింకు, ఫోన్ నంబరు పెట్టు. మనవాళ్లు ఎలాగూ ఫోన్ చేసే అడుగుతారు. అనలిటిక్స్ ఒకటి చాలు.

తెలుగు ఫాంట్లు మూడెందుకు బిడ్డా? గుణింతాలు, ఒత్తులు అన్నీ ఉంటాయి కాబట్టి మన ఫాంటు ఇంగ్లిష్ ఫాంటు కంటే బరువు. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంటు ముందే ఉంటుంది. శీర్షికలకు ఒకటి ఉంచుకో, చాలు.

ఒక్క జాగ్రత్త. రిక్వెస్టులు తగ్గించాలని అన్నీ ఒకే ఫైల్‌లో కుక్కెయ్యొద్దు. నేను ఆ పని చేసి దెబ్బతిన్నాను. అప్పట్లో బ్రౌజర్ ఒక సైటుకు ఒకేసారి ఆరు కనెక్షన్లే పెట్టుకునేది, మిగతావి వరుసలో నిలబడేవి. అందుకని నేను పనిచేసిన ఒక కంపెనీలో స్క్రిప్టులన్నీ కలిపి ఒకే పెద్ద ఫైల్ చేశాను. మొదటి రోజు అందరూ మెచ్చుకున్నారు. తర్వాత ఎక్కడో ఒక్క అక్షరం మార్చినా కొనేవాళ్లందరూ ఆ ఫైల్ మొత్తం మళ్లీ దించుకోవాల్సి వచ్చేది. వారానికి మూడుసార్లు మార్చేవాళ్లం. ఆ టెన్షన్‌తో ఎన్ని రాత్రులు కూర్చున్నానో. 2015లో బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే కొత్త పద్ధతి హెచ్‌టీటీపీ/2 వచ్చాక ఒకే కనెక్షన్ మీద ఎన్నో ఫైళ్లు కలిసి వస్తాయి, కాబట్టి అంత కలపాల్సిన పని లేదు. అవసరమైన ఫైళ్లు విడిగానే ఉండనీ, పేరులో వెర్షన్ పెట్టి ఏడాది పాటు క్యాష్‌లో, అంటే ఒకసారి దించుకున్నవి ఫోన్‌లో దాచుకునే చోట, ఉండేలా చెయ్యి. అవసరం లేనిది తీసేయ్.

పరీక్షించేటప్పుడు క్యాష్ ఆపి, నెట్‌వర్క్‌ను స్లో 4జీకి మార్చి చూడు. అది కూడా చాలదు. మగ్గం ఉన్న ఏ ఇంట్లోనైనా ఒక పాత ఫోన్ అడుక్కుని, వైఫై లేకుండా తెరిచి చూడు.

ముందు ఆ నాలుగు ఫోటోలు మార్చు, మిగతావి నిదానంగా చేద్దువు. శనివారం మళ్లీ వస్తున్నా. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర బస్సు ఆగినప్పుడు తెరిచి, చీర ఎన్ని సెకన్లకు కనిపించిందో అక్కడి నుంచే ఫోన్ చేసి చెప్తా.

నీ చిన్నమ్మ