‘నల్లమల తేనె’, ‘అరకు కాఫీ’ అని లేబుల్ వేసుకోవచ్చా?

ప్రశ్న: మాది కర్నూలు. ఆత్మకూరు వైపు చెంచు గూడేల్లో తేనె కొంటాం. అరకు నుంచి కాఫీ గింజలు తెప్పించి ఇక్కడే వేయించి పొడి చేస్తాం. లేబుల్ మీద ‘నల్లమల కొండ తేనె, 100% స్వచ్ఛం’, ‘అరకు కాఫీ’ అని తెలుగులో వేయించాం. కొండ ఉత్పత్తి అని సర్టిఫికెట్ తీసుకోవాలని ఒకరు, జీఐ (ఒక ప్రాంతపు సరుకు పేరుకు ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కేసు పడుతుందని మరొకరు భయపెడుతున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: కొండ ప్రాంతపు సరుకు అని ధ్రువీకరించే ప్రత్యేక సర్టిఫికెట్ మన ఆహార చట్టంలో లేదు. యూరోపియన్ యూనియన్‌లో మాత్రం ‘కొండ ఉత్పత్తి’ అని లేబుల్ మీద వేసుకోవడానికి నిబంధన ఉంది. 2012లో వచ్చిన 1151వ నిబంధనతో అక్కడ అది మొదలైంది. ముడిసరుకు ప్రధానంగా కొండల్లోంచే రావాలి, తయారీ కూడా అక్కడే జరగాలి. ఇక్కడ ఆ పేరుతో ఎవరైనా సర్టిఫికెట్ ఇప్పిస్తామని డబ్బు అడిగితే పైసా ఇవ్వకండి.

అలాగని ‘నల్లమల’ అన్న మాటను ఎవరు పడితే వాళ్లు రాసుకోవచ్చని కాదు. లేబుల్ మీద అబద్ధమో, తప్పుదారి పట్టించే మాటో ఉంటే ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006 ప్రకారం అది ‘మిస్‌బ్రాండెడ్’ సరుకు. సెక్షన్ 52 కింద 3 లక్షల దాకా జరిమానా పడవచ్చు. మీకు రక్ష కొనుగోలు కాగితాలే. ఎవరి దగ్గర, ఏ గూడెంలో, ఏ తేదీన, ఎన్ని కిలోలు, ఎంతకు కొన్నారో చీటీ రాసి సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఆ చీటీ నంబరుకు సీసా మీది బ్యాచ్ నంబరు కలవాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. అడవి తేనె దొరకని నెలల్లో పెట్టెల తేనె కొని అందులో కలిపేస్తారు. చీటీల్లో 40 కిలోలే ఉండి, అమ్మిన సీసాల లెక్క 70 కిలోలు తేలితే అధికారికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. పెట్టెల తేనె అమ్మడం తప్పు కాదు, దానికి వేరే బ్యాచ్, వేరే లేబుల్ పెట్టండి.

చెంచుల దగ్గర కొనడానికి జంకనవసరం లేదు. అటవీ హక్కుల చట్టం 2006 చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో తేనెను పేరు పెట్టి మరీ చేర్చింది. దాన్ని సేకరించి అమ్ముకునే హక్కు సెక్షన్ 3(1)(సి) కింద వాళ్లకు ఉంది. వాళ్ల శ్రమకు తగిన ధర ఇచ్చి చీటీ తీసుకుంటే ఇద్దరికీ మేలు.

తేనెలో తేమ 20 శాతం దాటకూడదు. కొండచరియలకు, పెద్ద చెట్లకు పట్టే అడవి తేనెలో తేమ సహజంగానే ఎక్కువ. అది పులిసి నురగ వస్తుంది, మూత ఉబ్బుతుంది. కల్తీ చేయకపోయినా ఆ సీసా నాసిరకం కిందికే వస్తుంది. సెక్షన్ 51 కింద 5 లక్షల దాకా జరిమానా ఉంది. చిన్న రిఫ్రాక్టోమీటర్ (తేమ శాతం చూపే పరికరం) కొని ప్రతి డబ్బా చూసుకున్నాకే నింపండి.

‘100%’ తీసేయండి. ఆ మాట వాడవద్దని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 మేలో వ్యాపారులకు సూచించింది. ‘స్వచ్ఛం’ వంటి మాటలకూ 2018 నాటి ప్రకటనల నిబంధనల్లో షరతులు ఉన్నాయి. షుగరు తగ్గుతుంది, దగ్గు నయమవుతుంది అని మాత్రం ఒక్క ముక్క కూడా రాయకండి.

ఇక కాఫీ. ‘అరకు వ్యాలీ అరబికా’కు 2019లో జీఐ వచ్చింది. ఆ పేరు వాడుకునే హక్కు ‘అధీకృత వినియోగదారులు’గా, అంటే ఆ జీఐ కింద నమోదైన ఉత్పత్తిదారులుగా, ఉన్నవారిదే. కానీ మిమ్మల్ని భయపెట్టినవాళ్లు జీఐ చట్టం 1999లోని సెక్షన్ 22(4) చూసి ఉండరు. జీఐ సరుకును చట్టబద్ధంగా కొన్నవారు దాన్ని ప్రాసెస్ చేసి, ప్యాక్ చేసి అమ్మితే ఉల్లంఘన కాదు, సరుకు నాణ్యత చెడకపోతే చాలు. కాబట్టి అధీకృత వినియోగదారు దగ్గరే కొని, వారి నమోదు వివరాలు బిల్లు మీద రాయించుకోండి. ఆ గింజల్లో రోబస్టా అనే వేరే రకం కాఫీనో, వేరే ఊరి అరబికానో కలిపితే ఈ రక్షణ పోతుంది. తప్పుడు జీఐ వాడితే 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) కలిపితే కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, రెండింటి శాతాలూ ప్యాకెట్ మీద ఉండాలి.

లేబుల్ తెలుగులో మాత్రమే ఉంటే చెల్లదు. తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలి, తెలుగు అదనంగా వేసుకోవచ్చు. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, మీ పేరు, చిరునామా, బ్యాచ్, ప్యాక్ చేసిన తేదీ, గడువు తేదీ, ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు వేయండి. తేనె పరిమాణం బరువులో రాయాలి. 350 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 500 గ్రాములు పడుతుంది, మిల్లీలీటర్ల అంకెను గ్రాములుగా వేసి ఇబ్బంది పడేవాళ్లున్నారు. యూనిట్ ధర కూడా కావాలి. 500 గ్రాములు 450 రూపాయలైతే గ్రాముకు 0.90 అని వేయాలి.

ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు ఆ సంస్థ ఆన్‌లైన్ పోర్టల్ ఫోస్కాస్‌లో చేసుకోవాలి. తేనె రీప్యాకింగ్, కాఫీ తయారీ రెండూ దరఖాస్తులో చూపండి. టర్నోవరు పరిమితి దాటితే రిజిస్ట్రేషన్ చాలదు, లైసెన్సు కావాలి. ప్యాకింగ్ మొదలుపెట్టిన 90 రోజుల్లో తూనికలు, కొలతల శాఖలో ప్యాకరుగా 500 రూపాయల రుసుముతో నమోదు చేసుకోవాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ శాంపిల్ తీస్తే దాన్ని నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి. ఒక భాగాన్ని గుర్తింపు పొందిన ల్యాబుకు పంపమని అడిగే హక్కు మీకుంది, అప్పటికప్పుడే రాతపూర్వకంగా అడగండి. అనలిస్టు రిపోర్టు మీకు వ్యతిరేకంగా వస్తే, అది అందిన 30 రోజుల్లోపు జిల్లా డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు అప్పీలు చేసుకోవాలి. ఆ గడువు దాటనివ్వకండి.