రొమ్మెల్ మీద మాట్లాడబోతున్న మేనల్లుడికి

చిరంజీవి శ్రీనుకి మామయ్య ఆశీస్సులు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈజిప్టు ఎడారిలో జరిగిన ఎల్ అలమీన్ పోరు గురించి కాలేజీలో మాట్లాడుతున్నావట, మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన కాయితాలు రెండుసార్లు చదివాను. జర్మన్ సేనాని రొమ్మెల్‌ని ‘ఎడారి నక్క’ అని పదకొండుసార్లు రాశావు. పెట్రోలు మాట ఒక్కసారీ లేదు. ఇరవై రెండేళ్లు ఆర్మీ లారీ తోలినవాణ్ణి, ఒళ్లు మండదా మరి?

ముందు మ్యాపు తియ్యి. లిబియాలో ట్రిపోలీ మీద వేలు పెట్టు. 1941 ఫిబ్రవరి 12న రొమ్మెల్ దిగింది అక్కడే. అక్కణ్ణుంచి సముద్రం వెంబడే బెంఘాజీ, టోబ్రుక్, ఈజిప్టులో ఎల్ అలమీన్ దాకా వేలు జరుపు. రెండు వేల కిలోమీటర్ల పైమాటే. ముందుకు పోయేకొద్దీ లారీ మోసేదాంట్లో లారీయే తాగేసేది ఎక్కువవుతుంది. జైసల్మేర్ ఇసుకలో నేనే చూశాను. సెకండ్ గేరు దాటితే ఒట్టు. మధ్యాహ్నానికే ముల్లు అడుక్కి పడిపోయేది. ట్యాంకులకని తీసుకెళ్తున్న పీపాల్లోంచే మేం పోసుకునేవాళ్లం. అక్కడ ఎదురుచూసేవాళ్లు మమ్మల్ని తిట్టిన తిట్లు నీకు రాయకూడదు.

1942 జూన్ 21 దగ్గర కాసేపు ఆగు. టోబ్రుక్ పడింది, ఇంగ్లీషు పక్షంవాళ్లు ముప్పై మూడు వేలమంది దాకా చిక్కారు, మర్నాడే రొమ్మెల్ ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. నన్నడిగితే ఓటమి మొదలైంది ఆ వారమే. ముందు మాల్టా ద్వీపం పట్టుకుని ఆ తర్వాత ఈజిప్టు అని అనుకున్న పథకాన్ని పక్కన పెట్టించాడు. మాల్టా నుంచి లేచిన ఇంగ్లీషు విమానాలు అతని ఓడల్ని ముంచుతూనే ఉన్నాయి. ఏ ఓడ ఎప్పుడొస్తుందో రహస్య సందేశాలు విప్పి ఇంగ్లీషువాళ్లు ముందే తెలుసుకునేవారు. అక్టోబరు 26న, యుద్ధం నడిమధ్యన, టోబ్రుక్ దగ్గర ప్రోసెర్పినా అనే చమురు ఓడ మునిగింది. నీ ప్రసంగంలో దానికి ఒక నిమిషమైనా ఇవ్వు.

అక్టోబరు 23 రాత్రి ఇంగ్లీషు సేనాని మాంట్‌గోమరీ ఎల్ అలమీన్ దగ్గర దాడి మొదలుపెట్టేసరికి రొమ్మెల్ ఆస్ట్రియాలో వైద్యంలో ఉన్నాడు. అతని బదులున్న స్టుమ్మే మర్నాడే గుండె ఆగి పోయాడు. ‘రొమ్మెల్ ఉండి ఉంటేనా’ అని మాత్రం రాయకు. అవతల వెయ్యి ట్యాంకులు. ఇవతల ఐదొందల పైచిలుకు, అందులో సగానికి పైగా జర్మన్ల జోడీ ఇటలీవి. నవంబరు 3న హిట్లర్ అంగుళం కదలొద్దన్నాడు, విలువైన రోజొకటి అందులో పోయింది. చివరికి వెనక్కి తిరిగినప్పుడు బళ్లు లేని ఇటలీ కాల్బలం ఇసుకలోనే మిగిలిపోయింది. సేనాని మీద ఎంత మోజున్నా అది దాటెయ్యకు.

ఆ సేన వెనక్కి తగ్గి చేరిన ట్యునీషియా సంగతి క్లుప్తంగా చాలు. 1943 మార్చిలో రొమ్మెల్ వెళ్లిపోయాడు. మే 12న అతని తర్వాతి సేనాని ఫాన్ ఆర్నిమ్ లొంగింది మన 4వ ఇండియన్ డివిజన్ వాళ్లకి. ఆ డివిజన్‌లో మద్రాస్ సాపర్లు, అంటే దారులూ వంతెనలూ వేసే ఇంజనీరు సిపాయిలు, కూడా ఉన్నారు, అది చెప్పు.

మన అటక మీద పాత జెర్రీక్యాన్, అదే పెట్రోలు డబ్బా, ఉంది, ఇరవై లీటర్లది. ఆ డబ్బా జర్మన్లదే. ఇంగ్లీషువాళ్ల రేకు డబ్బాలు కారిపోతుంటే దొరికిన ప్రతి జర్మన్ డబ్బా ఏరుకునేవారు. పైన మూడు పిడులుంటాయి, ఖాళీవైతే ఒక్కో చేత్తో రెండేసి మొయ్యొచ్చు. బస్సులో పంపుతున్నాను, బల్ల మీద పెట్టుకుని మాట్లాడు. మూత రబ్బరు పోయింది, నీళ్లు పొయ్యకు.

మీ మామయ్య