బరంపురంలో ఉంటూ నెట్‌వర్క్ భద్రతలో పీహెచ్‌డీ చేయవచ్చా?

"ఒడిశాలోని బరంపురంలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఇక్కడే ఉండి నెట్‌వర్క్ భద్రత, ట్రాఫిక్ విశ్లేషణలో పీహెచ్‌డీ చేయడం కుదురుతుందా, హైదరాబాదు వెళ్లక తప్పదా?" అని అడిగారు. కుదురుతుంది. నేను ఈ ఊళ్లోనే చేశాను. ఊరు చిన్నదని దిగులు పడకండి. పరిశోధన పాడయ్యేది ఊరి వల్ల కాదు, పాచిపోయిన డేటా వల్ల.

చొరబాట్లను పసిగట్టడం మీద మన దగ్గర వచ్చే థీసిస్ ఏది తెరిచినా కేడీడీ కప్ 99 అనే పాత డేటాసెట్ పలకరిస్తుంది. 1998లో ఎంఐటీ లింకన్ ల్యాబ్ అమెరికా వైమానిక దళపు నెట్‌వర్క్‌ను అనుకరిస్తూ పుట్టించిన ట్రాఫిక్ దానికి మూలం. అందరూ వాడే పది శాతం ముక్కలో 4,94,021 నమోదులుంటే అందులో 2,80,790 ఒక్క స్మర్ఫ్ దాడివే (ఒక నెట్‌వర్క్‌లోని యంత్రాలన్నిటిచేతా ఒకరికే జవాబులు పంపించి ముంచెత్తడం). సగానికి పైగా ఒకే రకం ఉన్నప్పుడు 99 శాతం కచ్చితత్వం వచ్చిందని శాలువాలు ఎందుకో నాకు అర్థం కాదు. పైగా ఆ దాడికి దారిచ్చే డైరెక్టెడ్ బ్రాడ్‌కాస్ట్‌ను (బయటినుంచి ఒక్క ప్యాకెట్‌తో నెట్‌వర్క్‌లోని యంత్రాలన్నిటినీ పలకరించే వీలును) రౌటర్లు మొదటినుంచే ఆపి ఉంచాలని 1999లోనే ప్రమాణం మారింది. పాతికేళ్లుగా చచ్చిన పామునే కొడుతున్నాం. 2009లో నకళ్లు తీసేసి ఎన్‌ఎస్‌ఎల్-కేడీడీ అని విడుదల చేశారు, కానీ పాము అదే.

సొంత ట్రాఫిక్ పట్టి చూడండి. 2018 వేసవిలో మా కాలేజీలో నెట్ మరీ నెమ్మదించింది. హాస్టల్ కుర్రాళ్లు క్రికెట్ చూస్తున్నారని యాజమాన్యం తేల్చేసింది. ఏది పాడైనా నేరం హాస్టల్ మీదికే పోతుంది. నేను ప్రధాన స్విచ్‌లో ప్యాకెట్లన్నిటి నకలు ఒక పోర్టుకు వచ్చేలా మిర్రరింగ్ పెట్టి, వాటిని పట్టి భద్రపరిచే టీసీపీడంప్ నడిపి వదిలేశాను. లోపలి సమాచారమంతా ఎన్‌క్రిప్టు అయి ఉంటుంది కదా అంటారు. ఉండనివ్వండి. వీడియో గుప్పెళ్లుగా వచ్చి కాసేపు ఆగుతుంది. మాట్లాడే కాల్ అయితే చిన్న ప్యాకెట్లు తాళం తప్పకుండా వస్తాయి. ఎవరు ఏం చేస్తున్నారో నడకే చెబుతుంది.

కుర్రాళ్లు నిద్రపోయాక కూడా ఒక చిరునామా మాత్రం ఊరూపేరూ తెలియని చిరునామాలకు, 23వ పోర్టుకు (యంత్రాన్ని దూరం నుంచి నడిపే పాత పద్ధతి టెల్నెట్‌ది ఆ తలుపు), ఆగకుండా సిన్ ప్యాకెట్లు, అంటే కనెక్షన్ తెరవమని అడిగేవి, పంపుతోంది. ఆ సగం తెరిచిన కనెక్షన్లతో రౌటర్ పట్టిక నిండిపోతే నెట్ కదలదు మరి. వెతికితే అది ఆఫీసు గదిలోని సీసీ కెమెరాల రికార్డరు. కాలేజీ పెద్దాయన ఇంటినుంచి ఫోనులో చూసుకోవాలని, అమర్చినవాడు దాన్ని మొత్తంగా బయటి ప్రపంచానికి తెరిచి పెట్టాడు. టెల్నెట్ పాస్‌వర్డ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే. 2016లో మిరాయి అనే మాల్వేర్ ఇలాంటి పెట్టెలమీదే బతికింది, దాని సోర్సు కోడ్ బయటపడ్డాక ఎవరి మిరాయి వాళ్లు కట్టుకున్నారు. అది మెమరీలోనే ఉంటుంది, కరెంటు తీస్తే పోతుంది.

ఒక సాయంత్రం కాలబైశాఖి గాలివానకు కరెంటు పోయింది. జనరేటర్ వేశాక రికార్డరు శుభ్రంగా, నోరు మూసుకుని లేచింది. నేను లాప్‌టాప్ ముందే ఉన్నాను. నిమిషాలు గడిచాయో లేదో బయటినుంచి ఎవరో 23వ పోర్టు తట్టారు. టెల్నెట్‌కు ముసుగు ఉండదు కాబట్టి ప్రతి అక్షరమూ కనిపిస్తోంది: 'రూట్' (సర్వాధికారాలున్న ఖాతా పేరు), ఒక పాస్‌వర్డ్, తిరస్కారం, మళ్లీ 'రూట్', ఇంకో పాస్‌వర్డ్, ప్రవేశం. ఆ తర్వాత 'షెల్', వెంటనే ఇలాంటి చిన్న పెట్టెల్లో ఉండే ఆజ్ఞల మూట బిజీబాక్స్‌కు ఒక ఆజ్ఞ. కాసేపటికి మా రికార్డరే ఊరిమీద పడి పరాయి తలుపులు తట్టడం మొదలుపెట్టింది. పుస్తకంలో చదివిన అంటువ్యాధి కళ్లముందు సోకింది.

అమర్చినవాణ్ని పిలిపిస్తే వచ్చి పాస్‌వర్డ్ మార్చి, కొత్తది రికార్డరు నెత్తినే మార్కరుతో రాసి వెళ్లాడు. వెబ్ పేజీలో మార్చినా టెల్నెట్ పాస్‌వర్డ్ మారని పెట్టెలున్నాయని అతనికి చెప్పినా ఎక్కలేదు. చివరికి రౌటర్‌లో ఆ దారి నేనే మూశాను. మా పైఅధికారి అడిగింది ఒక్కటే: "ఇది న్యాక్ బృందం వచ్చేలోపు పేపరవుతుందా?" న్యాక్ అంటే కాలేజీలకు గ్రేడులిచ్చే సంస్థ. అవుతుందనే లోపు అడ్మిషన్ల కాలం వచ్చింది. తెలుగు వచ్చినవాళ్లం కదా, మమ్మల్ని ఇచ్ఛాపురం, సోంపేట ఊళ్లకు పిల్లల్ని పట్టుకు రమ్మని పంపారు. హైదరాబాదులో మాత్రం ఈ తిప్పలు లేవనుకోకండి, అక్కడ కరపత్రాల కాగితం మెరుస్తుంది, అంతే.

మీరు మొదలుపెడితే ముందు యాజమాన్యం నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి, నోటిమాట చాలదు. ప్యాకెట్ల శీర్షికలు మాత్రమే భద్రపరచండి, లోపలి సమాచారం ముట్టుకోకండి. చిరునామాలను మార్చేశాకే విద్యార్థుల చేతికి ఇవ్వండి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. గైడుగా ఎవరు దొరికినా, మొదటి సమావేశంలోనే ఆయన ఏ డేటా వాడతారో అడగండి. కేడీడీ అంటే టీ తాగి వచ్చేయండి.