పిట్టలు చూపించే పనిలో దిగిన అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురం) నువ్వు టూరిస్టుల్ని పిట్టలు చూడ్డానికి అడవిలోకి తీసుకెళ్లే పని మొదలెట్టావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. ఇన్నేళ్లూ ఆ దారులు తిరిగి, ఇప్పుడు విశాఖలో కొడుకింట్లో కూచున్నవాణ్ని, ఊరుకోలేక రాస్తున్నా. పిట్టల పేర్లు నాకంటే నీకే బాగా తెలుసు, తెలియనివి ఫోన్‌లో ఉన్నాయి. నేను చెప్పేది మనుషుల్ని నడిపించడం గురించి.

ముందు టైము సంగతి. దేశమంతా గడియారం ఒకటే గానీ అక్కడ పొద్దు ముందే పొడుస్తుంది. జనవరిలోనే ఆరుకల్లా తెల్లారుతుంది, ఏప్రిల్లో ఐదుంపావుకే వెలుగు. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు "టిఫిన్ చేసి ఏడింటికి బయల్దేరదాం" అంటారు. ఒప్పుకోకు. ఎండెక్కాక పిట్ట నోరు మూస్తుంది, ఆపైన ఎంత నడిచినా చెట్లు చూసి రావడమే. టిఫిన్ ముందు రోజే పొట్లం కట్టించమను. 2021లో మౌంట్ హ్యారియట్ పేరు మౌంట్ మణిపూర్ అయింది కదా, ఆ కొండకైతే చాతం జెట్టీలో బాంబూఫ్లాట్ ఫెర్రీ టైము చూసుకో. అది తప్పిపోతే రోడ్డున చుట్టి వెళ్లేసరికి పొద్దెక్కుతుంది. పార్కు గేటు ఎప్పుడు తెరుస్తారో ముందే కనుక్కో. ఇంకా తెరవకపోతే కొండకింద రోడ్డు పక్కనే మొదలుపెట్టు, అక్కడ దొరికేవీ తక్కువేం కావు.

ఇక అసలు మాట. వచ్చేవాళ్లలో సగం మంది జేబులో లిస్టుతో వస్తారు. అండమాన్‌లో తప్ప ఇంకెక్కడా దొరకని పిట్టలు ఇరవై దాకా ఉన్నాయని చదువుకుని, రెండ్రోజుల్లో అన్నీ చూపించమంటారు. వాళ్ల తొందర నీకు అంటనివ్వకు. ఆ అడవిలో పిట్ట వెనక పరిగెడితే దొరకదు. గర్జన్ చెట్ల పై కొమ్మల్లో ఏం కదిలినా కింద ఉన్న మనకి ఆకులే కనిపిస్తాయి. అక్కడ పిట్టలు గుంపుగా తిరుగుతాయి, రకరకాలవి కలిసి. పురుగుల కోసం ఒకటి ఆకులు కదిలిస్తుంటే, లేచిన పురుగుని ఇంకోటి గాల్లోనే పట్టేస్తుంది. ఆ గుంపులో సాధారణంగా అండమాన్ డ్రోంగో ఉంటుంది, మన పసులపోలిగాడి చుట్టం. దాని గొంతు వినపడగానే అందర్నీ ఆపు, బ్యాగులు కింద పెట్టించు, మాటలు ఆపించు. గుంపు వాళ్ల మీదుగానే దాటి వెళ్లనీ. డ్రోంగో వెనకాలే తరచు ట్రీపై అనే పిట్ట వస్తుంది. చిన్నది, ఇటుకరంగు పొట్ట, బూడిద తల, పసుప్పచ్చటి కన్ను. ఆ కన్ను ఒక్కసారి బైనాక్యులర్స్‌లో పడితే ఆ మనిషి ఇంక లిస్టు గురించి అడగడు. ఒకచోట అరగంట నిలబడమంటే మొదట్లో విసుక్కుంటారు. విసుక్కోనీ.

చూపించడంలో ఒక పద్ధతి ఉంది. "అదిగో, అదిగో" అని వేలు చూపిస్తే ఎవడికీ కనపడదు, నీ చెయ్యి కదిలినందుకు పిట్టే ఎగిరిపోతుంది. ముందు చెట్టు మొదలు చూపించు, అందరూ చూశారా అని అడుగు. అక్కడి నుంచి మొదటి కొమ్మ, కుడివైపు విరిగిన చోటు, దాని పైన. కళ్లు అలా మెట్టుమెట్టుగా ఎక్కాలి. లేజర్ లైటు మాత్రం పిట్ట మీద వెయ్యకు, కంటికి దెబ్బ.

తెలుగువాళ్లు వస్తే జెముడుకాకితో మొదలెట్టు. మన ఊళ్లో దాని ఒళ్లు నలుపు, రెక్కలు ఇటుకరంగు. అక్కడిదానికి ఒళ్లూ తలా లేత గోధుమరంగు, నలుపే లేదు, రెక్కలు మాత్రం అదే ఇటుకరంగు. ఇంట్లో పిట్టే వేరే బట్ట కట్టుకున్నట్టుంటుంది. చిన్నప్పటి నుంచి చూసిన పిట్ట కాబట్టి తేడా వాళ్లే పట్టేస్తారు, ఆ తర్వాత నువ్వు చెప్పక్కర్లేకుండానే వెతుకుతారు. నల్ల వడ్రంగిపిట్ట కనిపిస్తే తల చూడమను: నుదుటి నుంచే ఎర్రగా ఉంటే పోతు, వెనక మాత్రమే ఎరుపుంటే పెట్ట. హార్న్‌బిల్ చూపించమని ఎవరో ఒకరు అడుగుతారు. అది ఉన్నది నార్కోండం దీవి ఒక్కదాంట్లోనే అని మొహమాటపడకుండా చెప్పెయ్. చూద్దాం, ట్రై చేద్దాం అని ఆశపెట్టి డబ్బు తీసుకోకు.

ఇప్పుడు దీవి దక్షిణపు కొసన చిడియా టాపులో రాత్రి నడక. దీని గురించి గట్టిగానే చెబుతా. ఫోన్‌లో గుడ్లగూబ కూత పెట్టి దాన్ని రోడ్డు మీదికి రప్పించడం అందరూ చేస్తున్నారు, నాకు తెలుసు. ఆ కూత విని అది నీ పార్టీని చూడ్డానికి రాదురా, తన హద్దులోకి ఇంకోటి చొరబడిందని కొట్లాటకి వస్తుంది. వేట మానేసి, ఒక్కోసారి గూడు వదిలేసి. ఒక్క పార్టీ అయితే ఏమో గానీ, అదే రోడ్డులో ఇవాళ నువ్వు, రేపు ఇంకొకడు. కొన్నాళ్లకి అది పలకడమే మానేస్తుంది, అప్పుడు అందరికీ నష్టమే. నువ్వు పెట్టకు. నిలబడి విను, అవి వాటంతటవే అరుస్తాయి. కనిపిస్తే టార్చి సూటిగా కంట్లో కొట్టకుండా పక్కన వేసి, కాసేపటికి ఆర్పెయ్. ఫ్లాష్ వద్దు. పగలు పడుకునే చెట్టు తెలిస్తే ఎవరికీ చెప్పకు, ఫోటోలు తీసేవాళ్లకి అసలు చెప్పకు. "పక్క గైడ్ పెడుతున్నాడు, నువ్వు పెట్టవేం" అని అడిగితే మర్యాదగా కాదను. ఆ పార్టీ పోతే పోనీ.

పులులున్నాయా అని అడుగుతారు. లేవు, చిరుతలూ లేవు. చూసుకోవాల్సింది కాలికింద. పాములున్నాయి, కొమ్మ పట్టుకునే ముందు చూడమను. వానల్లో జలగలుంటాయి కాబట్టి ప్యాంటు సాక్సుల్లోకి దోపించు. మడ అడవి పక్కన మొసలి బోర్డు ఉన్నచోట నీళ్లలోకి ఎవర్నీ దిగనివ్వకు, పిట్ట ఎంత దగ్గరున్నా సరే. జరవా ఆదివాసులుండే వైపు తీసుకెళ్లమని ఎవరైనా అడిగితే ఆ మాట అక్కడితో కట్ చెయ్, అది చట్టం ఒప్పుకోదు.

నడిచి అలిసిపోయినవాళ్లకి మౌంట్ మణిపూర్ కొండ మీద కబుర్లు కావాలి. పాత ఇరవై రూపాయల నోటు వెనక ఉన్న సముద్రం బొమ్మ అక్కడి నుంచి కనిపించేదే. 1872లో వైస్రాయ్ మేయో ఆ కొండెక్కి సాయంత్రం చూసి, కిందికి దిగాక జెట్టీ దగ్గర షేర్ అలీ అనే ఖైదీ చేతిలో హతమయ్యాడు. ఇవి పిట్టలు పలకని మధ్యాహ్నానికి దాచుకో, పొద్దున్నే మొదలెట్టకు.

కుదిరితే సిప్పీఘాట్ కూడా కలుపు. 2004 సునామీకి భూమి కుంగి ఉప్పునీళ్లు చేరిన పొలాలే ఇప్పుడు నీటిపిట్టల తావు. నడవలేని పెద్దవాళ్లకి అంతకంటే సుఖమైన చోటు లేదు.

నా బైనాక్యులర్స్ మీ అమ్మ బీరువాలో ఉంది, ఎనిమిది రెట్లది. చీకటి అడవిలో పదిరెట్ల దానికంటే అదే నయం, చెయ్యి వణికినా బొమ్మ ఆగుతుంది. ఆ తేమకి లెన్సుకి ఫంగస్ పడుతుంది. వాడి రాగానే తుడిచి, సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో మూసి పెట్టు. పొట్లాలు నెలనెలా మార్చు.

మీ మావయ్య